గంట ముందు వెళ్లమన్నాను

జనవరి 9

ఎనిమిదోది కూడా తిరిగొచ్చింది.

కవరు చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. లోపల నా దరఖాస్తు, నా ఫొటో, వాటి మీద ఒక కాగితం. ఆ కాగితంలో ఏముంటుందో నాకిప్పుడు కంఠతా వచ్చు. ఈసారికి కుదరలేదు, మీ భవిష్యత్తు బాగుండాలని ప్రార్థిస్తున్నాం. అంటే ఈ దేశంలో నా కోసం ఎనిమిది కంపెనీలు ప్రార్థనలు చేస్తున్నాయి. బర్మాలో మా ఊరు మగ్వేలో మఠం పెద్దాయన కూడా నన్ను ఇన్నిసార్లు తలుచుకుని ఉండడు.

అన్నం కుక్కర్ ఆవిరి మీద పట్టి ఫొటో ఊడదీశాను. తొమ్మిదోదానికి పనికొస్తుంది. కుడివైపు మూల కాస్త వంగింది, పుస్తకం కింద పెట్టాను.

ఇది రాస్తుంటే నాతో గదిలో ఉండే ప్వింట్, కింది వాటాలో ఉండే హిరానుమా మామ్మతో కబుర్లు చెబుతోంది. వాళ్ల నవ్వులు మెట్లెక్కి గదిలోకి వస్తున్నాయి. ఏం మాట్లాడుకుంటున్నారో నాకు సగం కూడా అర్థం కాదు. అది జపాన్ వచ్చి ఏడాది కాలేదు, నేను వచ్చి మూడున్నరేళ్లు. చేప వడల ఫ్యాక్టరీలో నన్ను పిండి కలిపే వైపు వేశారు. అక్కడంతా మన బర్మా వాళ్లే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మన మాటలే. అర్థమైంది, అలాగే, క్షమించండి అనే మూడు జపాన్ మాటలతో మూడేళ్లు నెట్టుకొచ్చాను. దాన్నేమో ప్యాకింగ్ వైపు వేశారు. అక్కడంతా వాగుడుకాయలైన జపాన్ ఆడవాళ్లు. అందులో దాని గొప్పేముంది?

డిసెంబర్ ఐదున ఫ్యాక్టరీ మూసేశారు. మార్చి ఐదు లోపల ఇంకో పని దొరకకపోతే ఇద్దరం దేశం వదిలి వెళ్లాలి. దానికి ఇరవై మూడు, వెళ్లినా మళ్లీ రాగలదు. నాకు ముప్పై ఐదు. మా ఊరి ఏజెంట్లు ముప్పై దాటిన ఆడదాన్ని కూర్చోమని కూడా అనరు. వెళితే ఇక మా వదిన వంటిల్లే గతి. వదిన పెట్టినప్పుడు తినాలి, వదిన పడుకున్నాక పడుకోవాలి. ఇక్కడ నాకు సొంత తాళంచెవి ఉంది. కింద పోస్టు డబ్బా మీద నా పేరుంది. ఆదివారం ఎక్కడికి వెళుతున్నావని ఎవరూ అడగరు. వీటిని నేను వదులుకోలేను.

ప్వింట్ ఇప్పుడే పైకొచ్చింది, చేతిలో మోచేతి పొడుగు ముల్లంగి.

"అక్కా, చూడు! మామ్మ ఇచ్చింది."

"నీకా, నాకా?"

"మనకే."

"ఆవిడ 'మీ ఇద్దరికీ' అని నోటితో అందా?"

నవ్వుతూ ముల్లంగి కడగడానికి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది.

జనవరి 10

ముల్లంగి పులుసు చాలా బాగుంది. ఆ మాట దానితో అనలేదు.

జనవరి 14

ఇద్దరం ఉపాధి ఆఫీసుకు వెళ్లాం. అక్కడ పనిచేసే ముతో గారు మంచి మనిషి, మాకోసం ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా మాట్లాడతారు. ఇవాళ ఆయన దగ్గర ఒకే ఒక్క కాగితం ఉంది. కొండల వైపు బస్సులో నలభై నిమిషాలు వెళితే నది ఒడ్డున, వేడినీటి బుగ్గల్లో స్నానాలకు వచ్చేవాళ్లు దిగే ఒక సత్రం. పరుపులు వేయడం, భోజనం పళ్లాలు మోయడం, గదులు తుడవడం. ఉండటానికి గది వాళ్లే ఇస్తారు. కావాల్సింది ఒక్కరే.

సత్రం పని పరీక్ష మేమిద్దరం పోయిన శరదృతువులోనే రాశాం, ఫ్యాక్టరీ మూస్తారని పుకారు పుట్టినప్పుడు. రాతలో నాకే నాలుగు మార్కులు ఎక్కువ. ఇది ఇక్కడ రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఎవరికీ గుర్తులేదు.

ముతో గారు నన్నేదో అడిగారు. నేను నోరు తెరిచేలోపే ప్వింట్ జవాబు చెప్పేసింది. ఆయన తల ఊపి రాసుకున్నారు. బయటికొచ్చాక అడిగాను.

"ఏమడిగాడాయన?"

"నీకు మోకాళ్ల నొప్పులేమైనా ఉన్నాయా అని. సత్రంలో మోకాళ్ల మీద కూర్చోవాలి కదా. లేవని చెప్పా."

"నా మోకాళ్ల సంగతి నీకేం తెలుసు?"

"రోజూ నా ముందే కదక్కా మెట్లెక్కుతున్నావ్!"

అదీ నిజమే. కానీ నా మోకాళ్ల గురించి కూడా అదే మాట్లాడితే ఇక నేనెందుకు? బస్టాపులో నెమ్మదిగా అన్నాను, నువ్వు చిన్నదానివి, నీకు ఇంకో చోట దొరుకుతుంది కదా అని. అది పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఆలోచించింది.

"ఇద్దరం వేద్దాం అక్కా. ఎవరికొస్తే వాళ్లకి. రెండోవాళ్లు ఏడవకూడదు, సరేనా?"

సరే అన్నాను.

జనవరి 16

ఇక్కడ దరఖాస్తు చేత్తోనే రాయాలి. ఒక్క గీత తప్పినా కొట్టేసి దిద్దకూడదు, మొదటినుంచి కొత్త కాగితం మీద రాయాలి. పొద్దున్నుంచి ఆరు కాగితాలు పాడు చేశాను. ఆరోదానిలో అంతా అయిపోయి, చివరి వరసలో చేయి జారింది.

ప్వింట్ ఒకే ఊపులో రాసేసి కాళ్లు చాపుకుని మా దేశపు టీ ఆకు పచ్చడి కలుపుకుని తింటోంది. నీది నేను రాసిపెట్టనా అక్కా అంది. అక్కర్లేదన్నాను. తిను అంది. ఆకలి లేదన్నాను.

ఏడోది కుదిరింది. మూల వంగిన ఫొటో అంటించాను. దాని ఫొటో కొత్తది, స్టేషన్ దగ్గర బూత్‌లో దిగింది. అందులో అది ఎవరో పెద్దింటి అమ్మాయిలా చక్కగా ఉంది.

జనవరి 18

ఇద్దరినీ పిలిచారు. నాకు ఇరవై ఒకటిన పదకొండింటికి, దానికి ఇరవై రెండున అదే వేళకి. ముందు నేను. అది మంచిదే.

జనవరి 21

బాగా జరిగింది. చాలా బాగా జరిగింది.

పదింపావు బస్సెక్కి, సరిగ్గా ఐదు నిమిషాల ముందు గుమ్మంలో ఉన్నాను. ఇక్కడ అదే మర్యాద. ఆలస్యమైతే పని పోయినట్టే. మరీ ముందు వెళ్లినా, వాళ్లు చేస్తున్న పని వదిలేసి మనల్ని కూర్చోబెట్టాలి కాబట్టి చిరాకు పడతారు. ఈ సంగతి నాకు ఫ్యాక్టరీ మొదటి ఏడాదిలోనే తెలిసింది.

యజమానమ్మకు అరవై దాటి ఉంటాయి. చిన్న మనిషి, తెల్లటి జుట్టు, నడుము నిటారుగా. ఇరవై ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టి వెళ్లాను. పదకొండు అడిగారు, పదింటికి గడగడా చెప్పాను. పదకొండోది నా జాబితాలో లేదు. అందులో 'మంచు' అన్న మాట ఒక్కటే అందింది. ఏం చేయను, "అర్థమైంది" అన్నాను. ఆమె చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎగతాళిగా నవ్వలేదు. తర్వాత పరుపు పరిచి చూపించమంది, పళ్లెం మోసి చూపించమంది. ఫ్యాక్టరీలో పన్నెండు కిలోల పిండి తొట్లు ఎత్తిన చేతులివి, పళ్లెం ఒక లెక్కా?

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. నేను వంగి దండం పెట్టి, సమయం వృథా చేసే మనిషిని కానని తెలియాలని చకచకా నడిచి వచ్చేశాను. వంతెన మీద నడుస్తూనే ప్వింట్‌కు మెసేజ్ పెట్టాను, బ్రహ్మాండంగా జరిగిందని. నిజం చెప్పాలంటే అది చదివి దాని మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటూ నడిచాను. ఎంత హాయిగా అనిపించిందో.

సాయంత్రం అది నన్ను పట్టుకుని అడిగింది.

"అక్కా, రేపు నేను ఎంత ముందు వెళ్లాలి?"

"గంట."

"గంటా?"

"గంట ముందు వెళితే నీకు పని మీద ఎంత ఆశ ఉందో తెలుస్తుంది. చలిలో వచ్చిందే పాపం అనుకుంటారు."

అది నా మొహం కేసి కాసేపు చూసి, సరే అక్కా, అంది.

దాని మంచికే చెప్పాను. ఆలస్యమయ్యేకన్నా ముందు వెళ్లడం నయం కదా. మంచులో బస్సులు ఎప్పుడొస్తాయో తెలియదు. దాని మంచికే.

జనవరి 22

పొద్దున తొమ్మిదింపావు బస్సుకు వెళ్లింది. కిటికీలోంచి చూశాను. మంచు దూదిలా కాదు, రవ్వలా పడుతోంది, అలాంటిదే ఎక్కువ చలి పుట్టిస్తుంది. దాని కోటు పల్చన. నా మందం కోటు ఇచ్చి ఉండచ్చు. నేను బయటికి వెళ్లే పని కూడా లేదు. ఇవ్వాలని తర్వాత తోచింది.

పదిన్నరకు గడియారం చూశాను. ఈపాటికి యజమానమ్మ విసుక్కుంటూ ఉంటుంది. పదకొండుకు చూశాను. అన్నం తినబుద్ధి కాలేదు.

మూడింటికి వచ్చింది. ముక్కు ఎర్రగా, వరసపెట్టి తుమ్ములు. బూట్లు విప్పకుండానే మొదలుపెట్టింది.

"అక్కా! నువ్వు గంట ముందు వెళ్లమనడం ఎంత మంచిదయిందో!"

ఏం జరిగిందని అడిగాను.

"అంత ముందు లోపలికి వెళితే బాగోదనిపించి, ఎదురుగా బస్సు షెల్టర్‌లో కూర్చున్నా. సరిగ్గా పదింటికి సత్రంలో దిగినవాళ్లు వెళ్లిపోయే వేళట. ఒక కారు బయల్దేరింది. యజమానమ్మ, పనివాళ్లు అందరూ బయటికొచ్చి మంచులో వరసగా నిలబడ్డారు. కారు కదిలాక వెళ్లిపోతారనుకున్నా. వెళ్లరే! కారు వంతెన దాటి మలుపు తిరిగేదాకా చేతులూపుతూనే ఉన్నారు. కనపడకుండా పోయాక కూడా ఒకసారి వంగారు. తర్వాత ఇంకో కారు, మళ్లీ అంతే. ఒక కారులో చిన్న పాప వెనక అద్దంలోంచి తిరిగి చూసి చెయ్యి ఊపింది. అప్పుడు చూడాలక్కా యజమానమ్మ మొహం!"

"అయితే?"

"నా ఇంటర్వ్యూ ఏం బాగా జరగలేదు. పళ్లెం మీద గిన్నె జారింది. తిట్టలేదులే. బయటికొచ్చి నడుస్తుంటే ఆ పాప గుర్తొచ్చింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగా. అక్కా, ఆమె అక్కడే ఉంది! పని అడగడానికి వెళ్లిన నాకోసం కూడా నిలబడింది, తల మీద మంచు పడుతుంటే. నేను వంగితే ఆమె కూడా వంగింది."

ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నేను వేణ్ణీళ్లు పెడతానని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాను.

నేను వెనక్కి తిరగలేదు. నిన్న ఆ వంతెన మీద ఫోను చూసుకుంటూ నడిచాను. నా వెనక ఆమె మలుపు దాకా నిలబడే ఉండి ఉంటుంది.

జనవరి 24

తిరిగి చూడలేదు. మెడ తిప్పడానికి ఎంతసేపు పడుతుంది?

జనవరి 25

అయినా పరుపు నేనే బాగా వేశాను. గిన్నె జారవిడిచింది అది. సత్రానికి కావాల్సింది పనిచేసే చేతులు గానీ మెడలు కాదు.

జనవరి 29

కవరు వచ్చింది. నా దరఖాస్తు, నా ఫొటో, ప్రార్థన. తొమ్మిది.

ఈసారి అచ్చు అక్షరాల కింద చేత్తో రెండు వరసలు రాసి ఉన్నాయి. చదవలేకపోయాను. ప్వింట్‌ను అడగకూడదనుకున్నాను. మధ్యాహ్నం దాకా ఆగి అడిగాను. అది చదివి, కాగితం మడతపెట్టి, మళ్లీ విప్పింది.

"'ఖైన్ గారూ, ఆ రోజు మంచులో క్షేమంగా ఇల్లు చేరారని తలుస్తాను. వంతెన మలుపు దాకా చూశాను.' అంతే అక్కా."

"అంతేనా?"

"అంతే."

దాని మొహంలో జాలి. నాకు ఆ జాలి అక్కర్లేదు. కోపం ఉంటే ఇవ్వమను, తీసుకుంటాను.

జనవరి 30

సత్రంవాళ్లు ప్వింట్‌కు ఫోన్ చేశారు. పని దానికే వచ్చేసింది.

ఏడవకూడదని ఒప్పందం కాబట్టి ఏడవలేదు. శుభాకాంక్షలు చెప్పాను, కోడిగుడ్ల కూర చేశాను. అది నా పళ్లెంలో రెండు గుడ్లు వేసి తను ఒకటే తింది. ఇదొకటి. అన్నీ దానికే వస్తాయి, మంచితనం కూడా.

రెండో తారీఖు నుంచి సత్రంలోనే ఉండి పని నేర్చుకోవాలట. ఒప్పందం కాగితం మాత్రం ఇవాళే ఈ ఇంటి చిరునామాకు పోస్టులో వేసేశారట. దాని మీద సంతకం బదులు తన పేరు ముద్ర వేసి పదో తారీఖు లోపల తిరిగి ఇవ్వాలి. అప్పుడే వీసా ఆఫీసులో అన్నీ సమయానికి జరుగుతాయి. పది దాటితే మార్చి ఐదుకు అందదని వాళ్ల లెక్క.

"కవరొస్తే ఫోన్ చెయ్యి అక్కా. వచ్చి తీసుకెళతా."

"చేస్తాను."

ఫిబ్రవరి 2

వెళ్లింది. గది పెద్దదైపోయింది. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 4

పోస్టు ఏమీ రాలేదు.

ఫిబ్రవరి 5

నిన్న రాలేదని రాశాను. వచ్చింది.

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. కవరు బియ్యం డబ్బా కింద ఉంది. తెరవలేదు. దాని పేరు చక్కటి చేతిరాతతో ఉంది, యజమానమ్మ చేతిరాత. నాకు రాసిన రెండు వరసల్లో ఉన్నదే.

ఫిబ్రవరి 6

ఫోన్ చేసింది.

"అక్కా, కవరేమైనా వచ్చిందా?"

"లేదే."

"సరే. ముప్పైనే వేశామన్నారు మరి. మంచు కదా, ఆలస్యమై ఉంటుంది. తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావ్?"

"ఏదో ఒకటి తిన్నాలే, నీకెందుకు!"

ఫిబ్రవరి 7

బియ్యం తీయాలంటే ఆ డబ్బా జరపాలి. జరిపితే కవరు కనిపిస్తుంది. ఇవాళ రొట్టె కొనుక్కొచ్చుకున్నాను.

నన్ను నేను అడిగాను, ఇది దాచితే నీకేమొస్తుంది అని. దాని పని పోతే నన్ను పిలుస్తారా? పిలవరు. నా దరఖాస్తు ఎప్పుడో తిరిగొచ్చేసింది. మరి ఎందుకు? దానికి రాకూడదు, అంతే. ఇద్దరం ఒకే విమానంలో వెళితే ఆ ప్రయాణం నేను భరించగలను. అది ఇక్కడ ఉండి, నేను వెళ్లి వదిన వంటింట్లో గిన్నెలు తోముతూ ఉంటే, ఆ సమయంలో అది మంచులో నిలబడి ఎవరికో చెయ్యి ఊపుతూ ఉంటుందని తలుచుకుంటే భరించలేను. ఇదీ నా బుద్ధి. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు.

ఫిబ్రవరి 8

మధ్యాహ్నం హిరానుమా మామ్మ తలుపు కొట్టింది. చేతిలో ముల్లంగి. ప్వింట్ లేదని చేత్తో సైగ చేసి చెప్పాను. ఆమె తెలుసన్నట్టు తల ఊపి, ముల్లంగి నా చేతిలో పెట్టి, ఒక మాట అంది. తొందర లేకుండా, మామూలుగా.

ఆ పిల్ల లేక నీకు ఒంటరిగా ఉంది కదూ.

మొత్తం అర్థమైంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఎవరూ చెప్పకుండా, విడదీయకుండా. మూడున్నరేళ్లలో ఇలా పూర్తిగా అర్థమైన మాట నాకు ఇదే మొదటిది. ఎంత సంతోషించాలి! మామ్మ వెళ్లిపోయాక ముల్లంగి పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయి బాగా ఏడ్చాను. ఒప్పందం ఉండగానే ఏడ్చాను.

ఫిబ్రవరి 9

పదింపావు బస్సుకు వెళ్లాను. కవరు కోటు లోపల పెట్టుకున్నాను.

దారిపొడవునా చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాను. పోస్టువాడు ఇవాళే ఇచ్చాడు అని. కానీ కవరు మీద తపాలా ముద్ర ఉంది, అందులో తారీఖు ఉంది, అది చెరపలేను. గుమ్మంలో అడుగుపెట్టేసరికి నీలం పని బట్టల్లో ప్వింట్ పరుగెత్తుకొచ్చింది. ఆ బట్టలు దానికి ఎంత నప్పాయో చూసి, అంత భయంలోనూ నాకు కడుపు మండింది.

కవరు ఇచ్చాను. అది ముద్ర చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను నేల చూపులు చూశాను. ఆరో తారీఖు నేను ఫోనులో 'లేదే' అన్నది మా ఇద్దరికీ వినిపిస్తున్నట్టే ఉంది.

ఈలోగా యజమానమ్మ వచ్చింది. కవరు చూసి, ఎందుకింత ఆలస్యమైందని అడిగింది. ప్వింట్ నడుము దాకా వంగి చెప్పింది. నాకు అందిన మాటలు కలుపుకుంటే ఇదీ దాని అర్థం.

"క్షమించండి. కవరొస్తే తెచ్చిపెట్టమని అక్కకి చెప్పడం నేనే మర్చిపోయాను. తప్పు నాదే. అక్క తనంతట తానే తెచ్చింది."

అబద్ధం కూడా నాకన్నా అదే బాగా ఆడుతుంది.

యజమానమ్మ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పని దొరికిందా అని అడిగింది, అది నాకు అర్థమైంది. ఇంకా లేదన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, నెమ్మదిగా, ఒక్కో మాటా చేతులతో చూపిస్తూ చెప్పింది. కొండ కనుమ అవతల ఆమె చెల్లెలి కొడుకు సత్రం ఉంది. చిన్నది. అతనూ, వాళ్లమ్మా. ఆ అమ్మకు మోకాళ్లు బాగోలేవు. ఫోన్ చేసి చూస్తాను, మాట మాత్రం ఇవ్వలేను అంది. ఇంత మంచులో స్నేహితురాలి కాగితం తెచ్చిన మనిషివి కదా అంది. ఆ మాట విని టీ కప్పు కింద పెట్టేశాను.

సెలవు తీసుకుని బయల్దేరాను. ఈసారి ఫోను సంచి అడుగున పెట్టాను. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను, తిరగాలి, తిరగాలి అనుకుంటూ. తిరగడానికి భయమేసింది. ఎవరూ లేకపోతే? ఉంటే మాత్రం ఏ మొహం పెట్టుకుని చూడాలి?

మలుపు దగ్గర తిరిగాను. ఇద్దరూ ఉన్నారు. యజమానమ్మ, పక్కన ప్వింట్. కవరు దాచిన మనిషి కోసం మంచులో నిలబడి ఉన్నారు. నేను వంగాను. లేచి చూస్తే వాళ్లింకా వంగే ఉన్నారు.

ఫిబ్రవరి 13

కనుమ అవతలి సత్రం నుంచి ఫోన్. పద్దెనిమిదిన పదింటికి రమ్మన్నారు. ఫోనులో ఆ అబ్బాయి చెప్పింది రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి అతనే నవ్వాడు, నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 15

దరఖాస్తు మూడో కాగితానికే కుదిరింది. పాత ఫొటో పారేశాను. స్టేషన్ దగ్గర బూత్‌లో కొత్తది దిగాను. అందులో నేను కొంచెం మా వదినలా ఉన్నాను. ఏం చేస్తాం.

ఫిబ్రవరి 17

ప్వింట్ మెసేజ్ పెట్టింది. ఆ రోజు తర్వాత ఇదే మొదటిది.

"అక్కా, రేపు ఐదు నిమిషాల ముందు వెళితే చాలు. మరీ ముందు వెళితే లోపలివాళ్లు ఇబ్బంది పడతారు. ఈ దేశం వచ్చిన కొత్తలో శిక్షణ క్లాసులో మాకు మొదటి వారమే చెప్పారు."

మొదటి వారమే.

నాలుగుసార్లు చదివాను. అంటే ఆ సాయంత్రం నేను 'గంట' అన్నప్పుడే దానికి తెలుసు. నేను పదింపావు బస్సుకు వెళ్లడం కూడా చూసింది. తెలిసే తొమ్మిదింపావు బస్సెక్కింది, ఆ పల్చటి కోటుతో.

తెలిసీ ఎందుకు వెళ్లావని అడిగాను. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. పరుపులు వేసే వేళ అయి ఉంటుంది.

"వద్దు, అది తప్పు అంటే నీ మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. తర్వాత ఇద్దరం మాట్లాడుకోకుండా ఎన్ని రోజులుంటామో అదీ తెలుసు. ఆ గదిలో మనిద్దరమే కదక్కా. దానికన్నా ఒక గంట చలి తేలిక అనిపించింది."

నా మందం కోటు దులిపి, మడతపెట్టి, సంచిలో పెట్టాను. రేపు కనుమ బస్సు దాని సత్రం మీదుగానే వెళుతుంది, ఇచ్చి వెళతాను. ఫిబ్రవరి సగం అయిపోయింది, ఇప్పుడు దానికి కోటెందుకు అని ఒక మనసు అంటోంది. ఆ మనసును కాస్త నోరు మూసుకోమన్నాను.

ఫిబ్రవరి 18

కోటు ప్వింట్ సత్రంలో ఇచ్చి, అది చెప్పినట్టే ఐదు నిమిషాల ముందు వెళ్లాను. పెద్దావిడ మోకాళ్లు నిజంగానే బాగోలేవు. మంచు అంటే ఇష్టమా అని అడిగారు. ఈసారి మొత్తం అర్థమైంది. ఇష్టం లేదు, కానీ ఊడ్చగలను అన్నాను.

మలుపు దగ్గర తిరిగి చూశాను. ఎవరూ లేరు. లోపల ఫోన్ మోగుతుంటే ఆ అబ్బాయి పరుగెత్తాడు, పెద్దావిడ నిలబడలేదు. తలుపుకు ఆనించిన మంచు పార ఒక్కటే ఉంది. అయినా వంగాను.

ఫిబ్రవరి 21

వచ్చింది. కవరు కాదు, ఫోన్. ఒప్పందం కాగితం ఆ అబ్బాయే సోమవారం తెస్తాడట. పదో తారీఖు దాటినా, నేరుగా వీసా ఆఫీసుకు తీసుకెళ్లి ఇస్తే మార్చి ఐదుకు అందుతుందని ముతో గారన్నారు.

ఫోను పెట్టేసి, ముందు ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తే ఒక్క పేరే తట్టింది. దాని సత్రం పెద్దది, నాది చిన్నది. దానికి నీలం బట్టలు, నాకు ఆ పెద్దావిడ పాత ఆప్రాన్ ఇస్తారట. అది ఇప్పటికే దిగినవాళ్లతో జోకులు వేస్తోందట. అసూయ పోలేదు. పోతుందని కూడా అనుకోను.

ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తింది.